ఎవరు చెయ్యెత్తినా

వరద వచ్చి రేవు గోదాముల్లో నడుం లోతు నీళ్లు నిలబడిపోయిన ఏడాదికి మరుసటి ఏడు జరిగిందిది. ఆ నీళ్లు తీశాక రేవు చేతులు మారింది. కొత్త కంపెనీ వాళ్లు తుప్పు పట్టిన పాత క్రేను పీకేసి, దానికి రెట్టింపు ఎత్తున్నది తెచ్చి నిలబెట్టారు. దాన్ని తోలాలంటే కొత్త లైసెన్సు కావాలన్నారు. లైసెన్సుకు పరీక్ష, ఆ పరీక్షలో కొంత ఇంగ్లీషు. పాత క్రేను డ్రైవరు పరీక్ష గట్టెక్కితే పై కుర్చీ అతనిదే. తప్పితే గోదాములో తూకం దగ్గర స్టూలు.

రేవులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ 'పైవాడు'. "పైవాడి దయ ఉంటే మధ్యాహ్నానికి పడవ ఖాళీ" అని హమాలీలు నవ్వుకునేవాళ్లు. అతను నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. ఏదడిగినా "ఊఁ" అనేవాడు. ఆ 'ఊఁ'ను ఎవరికి కావలసినట్టు వాళ్లు అర్థం చేసుకునేవాళ్లు.

పరీక్ష ముందురోజు సాయంత్రం వంటింట్లో పీట మీద కూర్చుని, క్రేను పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. కోడలు ఎదురుగా ఉల్లిపాయలు తరుగుతోంది. ఆమె బళ్లో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి వస్తుంది, ఇంటికొచ్చాక మామగారికి చెబుతుంది. పిల్లలే నయమని అప్పుడప్పుడూ అత్తగారితో అంటుంది.

"ఈ మాట చదవండి మామయ్యా."

"అవుట్... ర్యాంక్స్."

"అర్థం?"

అతను కాసేపు ఆ మాటను రెండు ముక్కలుగా విరిచి చూసుకున్నాడు. "బయటి వరస."

కోడలి చేతిలో కత్తి ఆగింది. పొయ్యి దగ్గరున్న భార్య పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కాదు మామయ్యా. ఒకరికంటే ఇంకొకరు పైన ఉండటం. ఒకరి మాట మీద ఇంకొకరి మాట చెల్లటం. పుస్తకంలో ఏముంది? ఆపమనే సైగ మిగతా సైగలన్నిటినీ అవుట్‌ర్యాంక్ చేస్తుంది, ఎవరు చేసినా సరే. ఆ పరీక్ష పెట్టే ఆవిడ ఇది అడిగి తీరుతుంది. బట్టీ పట్టి చెబితే ఇట్టే దొరికిపోతారు. సొంతంగా వాక్యాలు చెయ్యండి."

అతను గోడకేసి చూశాడు. బరువు ఎత్తే ముందు గొలుసు బిగుతు చూసుకున్నట్టు ఒక్కొక్క మాటా చూసుకుని వదిలాడు. "మేస్త్రి అవుట్‌ర్యాంక్స్ హమాలీ."

"బావుంది."

"మేనేజర్ అవుట్‌ర్యాంక్స్ మేస్త్రి. ఓనర్ అవుట్‌ర్యాంక్స్ మేనేజర్."

"నిచ్చెన బాగానే ఎక్కుతున్నారు. మరి అందులో మీరెక్కడ?"

"నేను క్యాబిన్లో ఉంటాను కదమ్మా."

"ఆ రేవు గోల ఎందుకే," అంది భార్య. "ఇంట్లో సంగతి చెప్పమను. ఇక్కడ ఎవరు ఎవర్ని చేస్తారో ఆ అవుట్టు."

"వైఫ్ అవుట్‌ర్యాంక్స్ మి," అన్నాడు తడుముకోకుండా.

"చూశావా! ఇదొక్కటే తప్పుల్లేకుండా వచ్చింది," అని భార్య మూత తీసి కూర కలిపింది. కోడలు ఉల్లిపాయల వల్లో నవ్వు వల్లో కళ్లు తుడుచుకుంటూ, "రేపు రేవులో కళ్లకు కనబడేదాంతో ఇంకో వాక్యం చేసుకురండి. నిచ్చెన మెట్లు వద్దు," అంది.

పొద్దున రేవు మీద సన్నటి జల్లు పడుతోంది. మిల్లుకు చేరాల్సిన బాయిలరు చెక్కపెట్టెలో బిగించి పడవ మీద ఉంది. దాన్ని ఎత్తి, ఒడ్డు దాటించి, లారీలో పెట్టాలి. అదే పరీక్ష. మాటల పరీక్ష ఆ తరవాత. పరీక్ష పెట్టే ఆవిడ జుట్టు నెరిసిన మనిషి, గొడుగు కూడా లేకుండా లారీ పక్కన నిలబడింది. మేనేజరు పిలిచిన పెద్దమనుషులు గోదాము వసారాలో కుర్చీలు వేయించుకుని కూర్చున్నారు.

డ్రైవరు తడి చేతులు గుడ్డతో తుడుచుకుని నిచ్చెన ఎక్కాడు. క్యాబిన్ తలుపు మూసి, మీటలు ఒకసారి ఉత్తినే అటూ ఇటూ ఆడించాడు. కింద సైగలు చేసేవాడు చేతులు చాచి సిద్ధంగా ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు, చుట్టరికం ఏమీ లేదు. ఎత్తమని చెప్పినా, తిప్పమని చెప్పినా, దించమని చెప్పినా ఆ బావ చేతులే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా డ్రైవరు కదపడు. ఆపటం మాత్రం వేరు.

బావ చూపుడు వేలు పైకి తిప్పాడు. ఇనప తాడు బిగిసింది. పెట్టె పడవను వదిలి లేచింది, పడవ ఊపిరి పీల్చుకున్నట్టు పైకి తేలింది. బావ చెయ్యి పక్కకు చాచాడు. క్రేను చెయ్యి నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. బాయిలరు నీళ్లు దాటింది, ఒడ్డు రాళ్లు దాటింది.

రాలిన ధాన్యం ఊడ్చే ఆమె గోదాము మూల నిలబడి ఉంది. వరద తరవాత పనిలో చేరిన మనిషి. చిన్న ఆకారం, ఎప్పుడు చూసినా గింజల దగ్గరే ఉంటుందని పిచ్చుక అని పేరు పెట్టారు. ఆమె తల పైకెత్తి కొక్కెంకేసి చూసింది. చీపురు కింద పడేసి, ఆపమన్నట్టు చెయ్యి అడ్డంగా చాచింది.

డ్రైవరు చెయ్యి మీటను వెనక్కి లాగేసింది. ఆలోచన తరవాత వచ్చింది. బాయిలరు లారీకి బారెడు దూరంలో, గాలిలో, ఆగి మెల్లగా ఊగింది. వసారాలో పెద్దమనుషులు కుర్చీల్లోంచి లేచారు. ఊగడం తగ్గేదాకా రేవంతా తలెత్తి చూసింది.

"తాడు తెగుతోంది!" అని పిచ్చుక అరిచింది. "అదుగో, కొక్కెం మీద! తీగలు లేచిపోయాయి!"

నిజమే, కొక్కెం పైన తెల్లగా ఏదో విచ్చుకుని ఉంది. బావ అందరినీ దూరం పంపి, అంగుళం అంగుళంగా బరువు దింపించాడు. పొడుగు హమాలీ ఒకడు పెట్టె మీదికెక్కి చూశాడు. తాడుకు పూసిన గ్రీజులో గోనె పీచు అంటుకుంది. అంతే. వాడు దాన్ని వేళ్లతో పీకి, అందరికీ చూపించి, ఉఫ్ అని ఊదాడు. రేవు పగలబడి నవ్వింది.

ఈలోపు జల్లు కాస్తా వానైంది. పరీక్ష పెట్టే ఆవిడ ఆకాశంకేసి చూసి, "మిగతాది రేపు," అంది. పెద్దమనుషులు గొడుగులు విప్పుకుని వెళ్లిపోయారు.

డ్రైవరు నిచ్చెన దిగి తిన్నగా పిచ్చుక దగ్గరికి వెళ్లాడు. నోట్లోంచి మాట రానే వచ్చింది. "గోనె పీచుకీ ఇనప తీగకీ తేడా తెలీదా?"

పిచ్చుక కింద పడ్డ చీపురు తీసుకుంది. చీపురు పుల్లలు అరచేతిలో కొట్టి సమం చేసుకుంటూ నిలబడింది.

మేనేజరు వానలోనే వచ్చాడు. "ఎవరు నువ్వు? ఎవరివని ఆపావు? ఊడవమంటే ఊడవాలి గానీ పైకి చూడమని ఎవడు చెప్పాడు? ఈ పూటతో సరి. రేపు గేటు దగ్గర కనబడకు." తరవాత డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు. "నీ తప్పేం లేదు. రేపు ఆవిడ అడిగితే, అది మతి లేని మనిషి, ఊరికే అడ్డొచ్చిందని చెప్పు. తీసేశామని కూడా చెప్పు. మిగతాది నేను చూసుకుంటా. ఏం?"

"ఊఁ," అన్నాడు డ్రైవరు.

మధ్యాహ్నం వాన వెలిసింది. బస్తాల పడవ ఒకటి కాచుకుని ఉంటే ఆ పని పెట్టుకున్నారు. బస్తాలను వలలో పేర్చి, వల మూలల్లో ఉన్న నాలుగు చెవులూ కొక్కేనికి తగిలిస్తే, పైకెత్తి గోదాము గుమ్మంలో దించాలి. డ్రైవరుకు కళ్లు మూసుకుని చేసే పని. అయినా ఆ పూట అతను కిందున్న మనుషులను చూస్తున్నాడు. ఎప్పుడూ బావ చేతులను తప్ప చూసేవాడు కాదు.

ఒక వల లేచింది. గుమ్మం పక్కన నిలబడ్డ పొడుగు హమాలీ దానికేసి చూశాడు. వాడి చెయ్యి లేచింది, చెవి దాకా వచ్చింది. అక్కడ ఆగి, ఒకసారి మేనేజరు గదికేసి చూసి, తల గోక్కుని దిగిపోయింది.

వల నేల తాకుతుండగా ఒక చెవి జారింది. బస్తాలు పక్కకు దొర్లాయి. ఎవరి మీదా పడలేదు. ఒక బస్తా చిరిగి గింజలు ఒలికాయి, ఊడ్చేందుకు మనిషి లేదు.

టీ వేళ డ్రైవరు కిందికి దిగి ఆ హమాలీ పక్కన నిలబడ్డాడు. ఎప్పుడూ అలా నిలబడని మనిషి కాబట్టి వాడు బీడీ దాచేశాడు.

"చెవి సరిగ్గా తగల్లేదని చూశావా?"

"అనుమానం వచ్చిందన్నా."

"చెయ్యెత్తలేదే?"

"అనుమానమే కదా. తగిలే ఉంటే? పొద్దున్న పిచ్చుక గతి చూశాంగా." వాడు నేలకేసి చూశాడు. "నాక్కూడా ఇల్లుంది కదన్నా."

డ్రైవరు టీ సగంలో పారబోసి మళ్లీ ఎక్కాడు. ఏళ్ల తరబడి ఎక్కుతున్న ఎత్తే. అద్దంలోంచి కిందికి చూశాడు. ఇంతమంది తనకు కళ్లుగా ఉంటారని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. ఇప్పుడు ఆ కళ్లన్నీ నేలకు దిగిపోయాయి. ఆ సాయంత్రం దించిన ప్రతి బరువూ గుడ్డివాడు చెంబు దించినట్టు తడుముకుంటూ దించాడు.

పని దిగి గేటు దాటుతుంటే పిచ్చుక గోడవారన కూర్చుని ఉంది. చీపురు తన సొంతం, లోపల ఉండిపోయింది, కాపలావాడు తెచ్చిస్తానని వెళ్లాడు. డ్రైవరు దాటి వెళ్లబోయి ఆగాడు.

"పొద్దున ఒక మాటన్నాను," అన్నాడు.

"అంటే అన్నారు లేన్నా. నాకు తేడా తెలియని మాట నిజమే." ఆమె మోకాళ్లు చుట్టుకుని కూర్చుంది. "నేను తల్చుకుంటున్నది అది కాదు. మీరు ఆపారు కదా."

"ఆపాను."

"ఆపుతారనుకోలేదన్నా. నేను చెయ్యెత్తితే బస్సే ఆపడు. చూసి కూడా పోతాడు. ఇంట్లో మా పిల్లాడు కుళాయి కట్టమంటే కట్టడు. అంత పెద్ద ఇనప కొండ, ఇలా అన్నానో లేదో," ఆమె చెయ్యి చాచి చూపించింది, "ఆగిపోయింది. నా చేతికేసి నేనే చూసుకున్నా. భయమేసింది."

 డ్రైవరు తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఒకటడుగుతా చెప్పండి," అంది ఆమె. "రేపు ఇంకో చోట పనికి పోతాను. అక్కడా క్రేను ఉంటుంది. మళ్లీ అలాంటిదే కనబడితే చెయ్యెత్తాలా వద్దా? తెలిసినవాళ్లు కదా, చెప్పండి."

ఎత్తాలని ఎలా చెబుతాడు? వద్దని ఎలా చెబుతాడు? కాపలావాడు చీపురు తెచ్చాడు. ఆమె లేచి, చీపురు చంకలో పెట్టుకుని, "సర్లే అన్నా, పొద్దుపోయింది," అని వెళ్లిపోయింది. చుక్క కన్నీరు పెట్టుకోలేదు, ఒక్క తిట్టూ తిట్టలేదు. తప్పయిన చోట తప్పయిందని ఒప్పుకుంది, అడగాల్సింది అడిగింది. ఈ రేవులో ఇంత తిన్నగా మాట్లాడిన మనిషిని అతను చూడలేదు.

ఇంట్లో కోడలు పీట వేసి పిలిచింది. "వాక్యం తెచ్చారా మామయ్యా?"

"ఎవరైనా, ఏదైనా అనడానికి ఇంగ్లీషులో ఏమంటారమ్మా?"

"ఎనీ."

"ఊఁ," అని అతను భోజనానికి కూర్చున్నాడు. భార్య రెండుసార్లు వడ్డించినా ఏం తిన్నాడో చూసుకోలేదు. "ఈయన క్యాబిన్లోంచి ఇంకా దిగలేదే," అంది భార్య కోడలితో.

మర్నాడు ఎండ కాసింది. బాయిలరు పెట్టె నిన్న దించిన చోటే ఉంది. ఈసారి మాటల పరీక్ష ముందు పెట్టింది ఆవిడ. క్రేను నిచ్చెన పక్కనే నిలబడి బ్రేకు గురించి, గాలి వేగం గురించి అడిగింది. డ్రైవరు తడబడుతూ చెప్పాడు. కొన్ని తప్పు పోయాయి. మేనేజరు పక్కనే ఉండి, కంగారుపడొద్దన్నట్టు కనుబొమలు ఎగరేస్తున్నాడు.

చివరికి ఆవిడ పుస్తకంలోని ఆ వాక్యం చదివి, సొంత మాటల్లో చెప్పమంది.

డ్రైవరు ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. "ఎనీ హ్యాండ్ అవుట్‌ర్యాంక్స్ మి."

ఆవిడ కలం ఆపి చూసింది. "ఎవరి చెయ్యైనానా? తెలుగులో చెప్పండి. నిన్న మీరు ఆపింది ఏమీ లేనిదానికి కదా?"

మేనేజరు అందుకున్నాడు. "అదే మేడం, ఆ మనిషికి కాస్త మతి..."

"ఏమీ లేదని కిందికి దిగాక తెలిసింది మేడం," అన్నాడు డ్రైవరు. మేనేజరు మాట మధ్యలో అతను మాట్లాడటం అదే మొదలు. "పైనుంచి చూస్తే చెయ్యి ఒక్కటే కనబడుతుంది. ఎవరిదో, తప్పో ఒప్పో కనబడదు. ఆపాలి, అంతే. ఆపినందుకు ఆమెని పన్లోంచి తీసేశారు. నిన్న మధ్యాహ్నం వల చెవి జారుతుంటే చూసినవాడు చెయ్యెత్తలేదు. ఇక ఎవరూ ఎత్తరు. కింద చేతులు లేకపోతే నేను పైన గుడ్డివాణ్ణి. ఆమె వచ్చేదాకా నేను ఎక్కలేను."

అంత పొడుగు మాట అతని నోట ఎవరూ వినలేదు. 

"ఎక్కలేవా?" మేనేజరు మొహం ఎర్రబడింది. "ఎక్కకపోతే ఆ కుర్చీ నీది కాదు. ఇంకొకణ్ణి తెచ్చుకోవడం నాకు తెలుసు. ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడు."

"ఊఁ," అన్నాడు డ్రైవరు. ఈసారి ఆ 'ఊఁ' అందరికీ ఒకేలా అర్థమైంది. అతను నిచ్చెన అడుగు మెట్టు మీద కూర్చుని, జేబులోంచి చేతులు తుడుచుకునే గుడ్డ తీసి మడత మీద మడత పెట్టసాగాడు.  తూకం దగ్గరి స్టూలు గోదాము గుమ్మంలోంచి కనబడుతూనే ఉంది.

పరీక్ష పెట్టే ఆవిడ కాసేపు అతన్నీ, పైనున్న కొక్కేన్నీ మార్చి మార్చి చూసింది. చెక్కపెట్టె అంచు మీద దుమ్ము చేత్తో దులిపి తనూ కూర్చుంది.

"నాకు సాయంత్రం దాకా వేరే పనేం లేదు," అంది మేనేజరుతో. "బరువు ఎత్తేటప్పుడు కింద నిన్నటివాళ్లంతా ఉంటే మంచిదే."

మిల్లు లారీవాడు హారను కొట్టాడు. మేనేజరు గడియారం చూసుకున్నాడు, లారీకేసి చూశాడు, వసారాలో నిన్నటి ఖాళీ కుర్చీలకేసి చూశాడు. పొడుగు హమాలీ ఎవరూ చెప్పకుండానే గేటువైపు నడవడం మొదలుపెట్టాడు. మేనేజరు వాణ్ణి ఆగమనలేదు.

పిచ్చుక వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చీపురు చంకలోనే ఉంది. ఏమిటి సంగతని ఎవరినీ అడగలేదు. నిన్నటి మూల నిలబడి తల పైకెత్తింది. డ్రైవరు ఎక్కాడు, బావ వేలు తిప్పాడు, బాయిలరు లేచి, తిరిగి, లారీలో చప్పుడు లేకుండా కూర్చుంది.

"లైసెన్సు వచ్చిందా లేదా?" అని సాయంత్రం గుమ్మంలోనే అడిగింది కోడలు.

"బరువులో మార్కులు మొత్తం ఇచ్చారు. ఇంగ్లీషులో బొటాబొటీ."

"నా పరువు తీశారు మామయ్యా!" అని ఆమె నవ్వి, అతని చేతిలో సంచి అందుకుంది. నిచ్చెన దగ్గర కూర్చున్న సంగతి అతను ఇంట్లో చెప్పలేదు. తరవాత బావ పెళ్లాం నోట విని, భార్య ఆ పూటంతా అతన్ని ఒక్క మాట అనకుండా వదిలేసింది.

ఆ మర్నాడు పొద్దున, పడవ కట్టకముందే, డ్రైవరు క్యాబిన్ ఎక్కి ఖాళీ కొక్కెం దించాడు. కిటికీలోంచి తల బయటపెట్టి బావతో ఏదో చెప్పాడు. బావ రేవులో ఉన్నవాళ్లందరినీ కేకేసి పిలిచాడు.

"ఒక్కొక్కరూ రండి. కొక్కెం తిరుగుతుంటుంది. మీకు తోచినప్పుడు చెయ్యెత్తండి. ఆగుతుందో లేదో చూసుకోండి."

"ఇదేం ఆటన్నా?" అన్నాడు ఎవడో.

"ఆట కాదురా. పని."

కాపలావాడు ఎత్తాడు. కొక్కెం ఆగింది. టీ అమ్మే ముసలాయన కెటిల్ కింద పెట్టి ఎత్తాడు. ఆగింది. పొడుగు హమాలీ వంతు వచ్చింది. వాడి చెయ్యి చెవి దాకా వచ్చి నిలిచిపోయింది. కొక్కెం తిరుగుతూనే ఉంది.

"పూర్తిగా ఎత్తరా!" అని పైనుంచి గొంతు వినబడింది. అంత గొంతు అతనికుందని రేవుకు తెలియదు. హమాలీ చెయ్యి నిటారుగా చాచాడు. కొక్కెం ఆగింది. వాడు పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"పిచ్చుకా, నువ్వు రావే?" అన్నాడు బావ.

"నాది మొన్నే అయిపోయిందిగా," అంది ఆమె, ఊడుస్తూ, తల ఎత్తకుండానే. అందరూ నవ్వారు. ఈసారి ఆమే ముందు నవ్వింది.

మేనేజరు గదిలోంచి వచ్చి, ఏమిటీ గుంపు అన్నాడు. బావ చెప్పాడు. "మీదొక్కటే మిగిలింది సార్."

మేనేజరు పైకి చూశాడు. క్యాబిన్ అద్దం మీద ఎండ పడి లోపలున్న మనిషి కనబడటం లేదు. కొక్కెం నెమ్మదిగా తిరుగుతోంది. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఆయన కాయితాలు ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి చాచాడు.

కొక్కెం ఆగింది. అందరికీ ఆగినంతసేపే ఆగి, బావ వేలు తిప్పగానే మళ్లీ కదిలింది.